కాలదోషం ఎవరి దోషం?

అప్పిచ్చినవాడు మూడేళ్లు మిన్నకుంటే న్యాయస్థానం తలుపులు అతనికి మూసుకుపోతాయి. అప్పు తీసుకున్నవాడు ఆ మూడేళ్లూ గడిచిన తరువాత, సంగతి తెలియక, ఒక కాగితంపై సంతకం పెడితే మూసుకుపోయిన ఆ తలుపులే మళ్లీ తెరుచుకుంటాయి. విడివిడిగా చూస్తే ఈ రెండు సూత్రాలూ న్యాయసమ్మతంగానే తోస్తాయి. కానీ చట్టం తెలిసినవారికీ తెలియనివారికీ మధ్య వ్యవహారం నడిచినప్పుడు రెండూ తెలిసినవారి వైపే మొగ్గుతున్నాయి. తెలియని రుణదాత తన సొమ్ము పోగొట్టుకుంటున్నాడు. తెలియని రుణగ్రస్తుడు చట్టం తనకిచ్చిన రక్షణను చేజేతులా జారవిడుచుకుంటున్నాడు. 1963 నాటి కాలపరిమితి చట్టం అమలులోకి వచ్చింది 1964 జనవరి 1న. ఆరు దశాబ్దాలు దాటినా ఈ విషయమై పాలకులు గానీ, న్యాయసేవా సంస్థలు గానీ ప్రజలకు చెప్పవలసినంతగా చెప్పలేదన్నది కఠోర వాస్తవం.

సొంత రాష్ట్రానికి దూరంగా, పరభాషా న్యాయస్థానాల పరిధిలో బతికే తెలుగువారి విషయంలో ఈ లోపం మరీ కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణమే ఇందుకు చక్కని ఉదాహరణ. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలవారు పొట్ట చేతపట్టుకుని ఆ మార్గం వెంట తరలివెళ్లారు. 1931లో రాయపూర్-విజయనగరం మార్గం పూర్తయ్యాక రాకపోకలు సులువయ్యాయి. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలో వాల్తేరు, బిలాస్‌పూర్‌లు రెండూ ఉండేవి. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే వేరుపడేవరకు ఉద్యోగులకు అది ఒకే ఇల్లు. అర్పా నది ఒడ్డునున్న ఆ పట్టణంలో రైల్వే కాలనీలు మొదలుకొని కుదుదండ్ వంటి పేటల వరకు తరాలుగా తెలుగు మాట వినిపిస్తోంది. 2000లో కొత్త రాష్ట్రంతో పాటే హైకోర్టు కూడా ఆ ఊరికి వచ్చింది. రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థ కొలువుదీరింది కూడా అక్కడే. దీపం కింద చీకటి అన్నట్టు, సామాన్యుడి చేతిలోని నోటు ఏ రోజున చెల్లని కాగితంగా మారుతుందో చెప్పే నాథుడు మాత్రం కరువయ్యాడు.

ఇటువంటి పట్టణాలలో బ్యాంకు అప్పులకు సమాంతరంగా చేబదుళ్ల లోకం ఒకటి నడుస్తూ ఉంటుంది. కూతురి పెళ్లికి, ఊళ్లో ఇంటి పైకప్పుకు, కొడుకు చదువుకు, ఆసుపత్రి ఖర్చుకు తోటి ఉద్యోగి దగ్గర తీసుకునే సొమ్ము అది. ఇచ్చేవాడు వడ్డీ వ్యాపారి కాదు. పదవీ విరమణనాడు చేతికందిన భవిష్యనిధి సొమ్ములో కొంత స్వజిల్లా వాడికి, స్వభాషీయుడికి ఇచ్చిన పెద్దమనిషి. ఒక తెల్లకాగితం, ఒక రెవెన్యూ స్టాంపు, ఇద్దరు సాక్షులు. ‘మీరు గాని, మీ అనుమతి పొందినవారు గాని కోరినప్పుడు అసలు, వడ్డీ ఇచ్చుకోగలవాడను’ అని తాతల నాటి వాక్యం. ఆ కాగితం ఇనప్పెట్టెలో చేరుతుంది. ఆ తరువాత దానిని మళ్లీ చూసేది మాట తప్పినప్పుడే.

అసలు ప్రమాదం ఆ ‘కోరినప్పుడు’ అన్న మాటలోనే పొంచి ఉంది. అడిగిన రోజు నుంచి మూడేళ్లు లెక్క అని రుణదాత అనుకుంటాడు. తెలుగు అర్థం ప్రకారం అతని అభిప్రాయంలో తప్పేమీ లేదు. చట్టం మాత్రం అలా అనుకోదు. కోరినప్పుడు చెల్లించవలసిన ప్రామిసరీ నోటు విషయంలో, దావా హక్కును వాయిదా వేసే వేరే రాత ఏదీ లేకపోతే, నోటుపై వేసిన తేదీ నుంచే మూడేళ్లు లెక్కించాలని చట్టం అనుబంధంలోని 35వ అధికరణం నిర్దేశిస్తోంది. నోటు లేని చేబదులుకు కూడా సొమ్ము ఇచ్చిన రోజు నుంచే లెక్క. 2022 ఏప్రిల్ 14న రాసిన నోటుకు 2025 ఏప్రిల్ 14తో గడువు తీరింది. ఆ రోజు అంబేద్కర్ జయంతి సెలవు కనుక మరునాడు న్యాయస్థానం తెరవగానే దావా వేసినా చెల్లుతుంది. ఆ ఒక్కరోజూ దాటితే ఎంత పెద్ద వకీలు వచ్చినా చేయగలిగింది లేదు. అప్పీళ్లలో జాప్యాన్ని మన్నించేందుకు వీలు కల్పించే 5వ సెక్షన్ అసలు దావాలకు వర్తించదు. జబ్బుపడ్డాననీ, ఊళ్లో లేననీ, వాయిదాలు అడిగితే మొహమాటపడ్డాననీ చెప్పుకొంటే సానుభూతి లభిస్తుందేమో గాని డిక్రీ లభించదు.

ఇక్కడే మరో విచిత్రం ఉంది. అదే సొమ్మును అప్పుగా కాక, కోరినప్పుడు తిరిగి ఇచ్చే షరతుపై నిల్వగా దాచి ఉంచినట్టు ఒప్పందం ఉంటే 22వ అధికరణం వర్తిస్తుంది. అప్పుడు మూడేళ్ల లెక్క అడిగిన నాటి నుంచే మొదలవుతుంది. ఒకే సొమ్ము, ఒకే ఇద్దరు మనుషులు. కాగితంపై పడిన ఒక్క మాట తేడాతో ఒకరికి హక్కు మిగులుతుంది, మరొకరికి పోతుంది. కాగితం రాసేవాడికి ఈ భేదం తెలిసి ఉంటుందనుకోవడం అత్యాశ.

నోటు మురిగిపోకుండా మన పెద్దలు అనుసరించిన పద్ధతి చెల్లు వేయించుకోవడం. గడువు లోపల అసలులోనో వడ్డీలోనో కొంత ముట్టజెప్పి, ఆ సంగతి నోటు వెనుక రాసి సంతకం పెడితే 19వ సెక్షన్ ప్రకారం చెల్లించిన నాటి నుంచి కొత్తగా మూడేళ్లు వస్తాయి. ఎంత ఇచ్చారన్నది ముఖ్యం కాదు, వంద రూపాయలైనా చాలు. అయితే ఆ రాత చెల్లించినవాడి చేతిరాతైనా అయి ఉండాలి, దాని కింద అతని సంతకమైనా ఉండాలి. చదువురానివారి వేలిముద్ర కూడా సంతకమే. చాలామంది రుణదాతలు ఇక్కడే బోల్తా పడుతున్నారు. నెలనెలా వడ్డీ అందుతోంది కదా అన్న ధీమాతో తమ పుస్తకంలో తామే రాసుకుంటారు. నోటు వెనుక తామే తేదీలు వేసుకుంటారు. రుణగ్రస్తుడి చెయ్యి పడని ఆ రాతకు చట్టం దృష్టిలో పూచికపుల్ల విలువ లేదు. ఐదేళ్లు క్రమం తప్పకుండా వడ్డీ కట్టినవాడు ఆరో ఏట ‘నోటుకు కాలదోషం పట్టింది’ అని జవాబు దావా వేస్తే, వడ్డీ తీసుకున్న మాట నిజమే అయినా రుణదాత ఓడిపోతాడు. మరోవైపు, గడువు తీరబోయే వారంలో నోటు వెనుక దొంగ చెల్లు సృష్టించే ఘనులూ లేకపోలేదు. ఆ సంతకం నిజమైనదేనని నిరూపించే భారం వాదిదే అయినా, వేలిముద్రల నిపుణుడి నివేదిక వచ్చేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

ఫోను ద్వారా చెల్లింపులు జరిగే ఈ రోజుల్లో ఈ చెల్లు మరింత చిక్కుముడిగా మారింది. సొమ్ము ఎవరి ఖాతా నుంచి ఎవరి ఖాతాకు ఏ నిమిషాన చేరిందో బ్యాంకు లెక్క చెబుతుంది. కానీ 19వ సెక్షన్ అడిగేది చేతిరాత లేదా సంతకంతో కూడిన రాత. ఏ రాతా సంతకమూ లేకుండా వేలు నొక్కి పంపిన రెండు వేల రూపాయలు ఏ అప్పు కింద జమ అయినట్టు? 1963 నాటి చట్టకర్తలు ఊహించని ఈ ప్రశ్నకు పార్లమెంటే స్పష్టమైన సవరణతో జవాబు చెప్పాలి. ఒక్కొక్క కేసులో ఒక్కొక్క తీర్పు వచ్చేదాకా ఆగడం సమంజసం కాదు.

అన్నిటికన్నా హృదయవిదారకమైన పరిస్థితి రుణదాత మరణించినప్పుడు ఎదురవుతుంది. భర్త పోయిన ఏడాదికో రెండేళ్లకో పెట్టె అడుగున ఒక నోటు బయటపడుతుంది. రాసినవాడు అప్పటికే పదవీ విరమణ చేసి టెక్కలికో, బొబ్బిలికో, పార్వతీపురానికో వెళ్లిపోయి ఉంటాడు. ఒకసారి మొదలైన కాలం ఆ తరువాత ఎవరికి ఏ అవరోధం వచ్చినా ఆగదని 9వ సెక్షన్ చెబుతోంది. కనుక మరణం వల్ల ఒక్కరోజు కూడా కలిసిరాదు. వారసత్వ ధ్రువపత్రం తెచ్చుకుంటే గాని దావా వేయరాదని ఎవరో చెప్పగా, ఆమె ఆ పత్రం కోసం న్యాయస్థానం చుట్టూ తిరుగుతుంది. అది చేతికందేలోగా నోటు గడువు తీరిపోతుంది. నిజానికి 1925 నాటి భారత వారసత్వ చట్టంలోని 214వ సెక్షన్ ఆ పత్రం లేకుండా డిక్రీ ఇవ్వరాదన్నదే గాని, దావాయే వేయరాదనలేదు. ముందు దావా దాఖలు చేసి, తీర్పులోగా పత్రం సమర్పించవచ్చు. ఈ ఒక్క ముక్క సకాలంలో చెప్పేవారుంటే ఎందరో వితంతువుల సొమ్ము దక్కి ఉండేది. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టమే ఇచ్చింది. హక్కు ఉన్నదని తెలియనివారికి అది ఉన్నా లేనట్టే.

ఊరు మారిన రుణగ్రస్తుడిపై దావా ఎక్కడ వేయాలన్నది కూడా కాలాన్ని మింగేసే సందేహమే. ప్రతివాది నివసించే చోటనే వేయాలని కొందరు భ్రమపడుతుంటారు. అప్పు ఇచ్చిపుచ్చుకున్న చోట కూడా వేయవచ్చునని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 20వ సెక్షన్ చెబుతోంది. బిలాస్‌పూర్‌లో రాసిన నోటుపై బిలాస్‌పూర్‌లోనే డిక్రీ పొంది, అమలు కోసం దానిని శ్రీకాకుళం జిల్లాకు బదిలీ చేయించుకోవచ్చు. పొరపాటున, సదుద్దేశంతో పరిధి లేని న్యాయస్థానంలో దావా నడిపితే ఆ కాలాన్ని మినహాయించే వెసులుబాటు 14వ సెక్షన్‌లో ఉంది. తెలుగులో రాసిన నోటును హిందీలో విచారణ సాగే న్యాయస్థానంలో దాఖలు చేసేటప్పుడు అనువాదం కావాలి. నమ్మకంగా అనువదించే మనిషి దొరకడానికే వారాలు పడుతుంది. గడువుకు నాలుగు రోజుల ముందు నిద్ర లేచేవారికి ఈ వారాలు ఎక్కడి నుంచి వస్తాయి?

గెలిచినవాడికైనా దక్కేదెంత? ఉద్యోగి జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులు జప్తుకు అతీతం. ఒక డిక్రీ కింద మొత్తం 24 నెలలకు మించి జీతం జప్తు చేయరాదు. పింఛను, గ్రాట్యుటీ, భవిష్యనిధి జోలికి వెళ్లరాదు. కుటుంబం రోడ్డున పడకుండా చేసిన ఈ ఏర్పాటు సర్వథా అభిలషణీయమే. అయితే దీనివల్ల, బాకీదారు ఉద్యోగంలో ఉండగానే మేలుకోని రుణదాతకు డిక్రీ చేతికొచ్చినా వసూలు చేసుకునే దారి ఇరుకైపోతుందన్నది గమనించాలి. డిక్రీ అమలుకు 12 ఏళ్ల గడువు ఉన్నా ఆ కాగితం గోడకు తగిలించుకోవడానికే పనికొచ్చే సందర్భాలు లేకపోలేదు.

ఇంత చెప్పినంత మాత్రాన మూడేళ్ల గడువును పదేళ్లకు పెంచాలని ఎవరైనా కోరితే అది పొరపాటు. దావాలకు గడువు ఉండటం రుణఎగవేతదారులకు చేసిన ఉపకారం కాదు. కాలం గడిచేకొద్దీ సాక్షులు చనిపోతారు, రసీదులు చెదలపాలవుతాయి, జ్ఞాపకాలు మసకబారతాయి. అప్పు తీర్చేసి కాగితం వెనక్కి తీసుకోవడం మరచినవాడిపై ఇరవై ఏళ్ల తరువాత అతని మనుమలను బోనెక్కించే పరిస్థితి రాకూడదనే 1859 నుంచీ ఈ దేశంలో గడువు చట్టాలు రూపుదిద్దుకుంటూ వచ్చాయి. తండ్రి బాకీ తీర్చడం కొడుకు ధర్మమన్న పాత హిందూ న్యాయ సూత్రం కింద కొడుకులు, మనుమలపై కొత్తగా పుట్టే బాకీలకు చర్య తీసుకునే అవకాశాన్ని సైతం 2005లో వారసత్వ చట్ట సవరణ తొలగించింది. ఆస్తి సంక్రమించినవాడు ఆ మేరకు బాధ్యుడు. పుట్టుకే నేరమైనట్టు ఎవరూ బాధ్యులు కారు. చట్టం నడక సరైన దిశలోనే ఉంది. ఒక్క ప్రభుత్వమే తనకు తాను మినహాయింపు ఇచ్చుకుంది. 1908 నాటి చట్టంలో సర్కారు దావాకు 60 ఏళ్ల గడువు ఉండేది. 1963లో దానిని 30 ఏళ్లకు తగ్గించారు. గుమాస్తాలు, దస్తావేజులు, న్యాయాధికారులు పుష్కలంగా ఉన్న సర్కారుకు 30 ఏళ్లు, పెట్టె అడుగున నోటు వెతుక్కునే వితంతువుకు మూడేళ్లు! దీనిని సమర్థించే తర్కం మాకైతే బోధపడటం లేదు.

ఇప్పటివరకు చెప్పుకున్నది చిన్న రుణదాత గోడు. నాణేనికి రెండోవైపు చిన్న రుణగ్రస్తుడు ఉన్నాడు. కాలదోషం పట్టినంత మాత్రాన బాకీ మాయమైపోదు. గడువు తీరితే నశించేది దావా వేసే మార్గమే గాని బాకీ కాదని బొంబాయి డైయింగ్ కేసులో 1958లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఇదే సూత్రంపై 1992లో, పంజాబ్ నేషనల్ బ్యాంకుకు సంబంధించిన కేసులో, హామీదారు తన వద్ద ఉంచిన డిపాజిట్‌ను బ్యాంకు కాలం చెల్లిన బాకీ కింద జమ కట్టుకోవడం నేరం కాదని తీర్పు చెప్పింది. అంటే చేతిలో తాకట్టు ఉన్నవాడికి కాలదోషం పెద్ద అడ్డంకి కాదు. అయితే రెవెన్యూ అధికారుల చేత వసూలు చేయించే దొడ్డిదారిన కాలం చెల్లిన బాకీలను రాబట్టరాదని 1999లో కేరళకు చెందిన కల్యాణికుట్టి కేసులో అదే న్యాయస్థానం స్పష్టం చేసింది. దివాలా స్మృతి కింద వచ్చే దరఖాస్తులకూ గడువు చట్టం వర్తిస్తుందని 2018లో మరో తీర్పు వచ్చింది. కాలం చెల్లిన బాకీతో ఆ దారి తొక్కడానికి బ్యాంకులకైనా వీలు లేదని దీనితో తేలింది.

అటువంటి బాకీకి ప్రాణం పోసే సంజీవని మరొక చట్టంలో ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 25వ సెక్షన్ మూడో ఉపవిభాగం ప్రకారం, కాలదోషం పట్టిన బాకీని చెల్లిస్తానని రాతపూర్వకంగా వాగ్దానం చేసి సంతకం పెడితే అది కొత్త ఒప్పందమే అవుతుంది. గడువు లోపలైతే ‘బాకీ ఉన్నాను’ అని ఒప్పుకుంటూ రాసి సంతకం చేసినా 18వ సెక్షన్ కింద కొత్త గడువు వస్తుంది. గడువు దాటాక ఆ ఒప్పుకోలు సరిపోదు. ‘చెల్లిస్తాను’ అన్న వాగ్దానం కావాలి. ఈ సూక్ష్మభేదం వసూలు సిబ్బందికి బాగా తెలుసు. తెలియనిది సంతకం పెట్టేవాడికి. పాత వ్యక్తిగత రుణాన్ని చౌకగా కొనుక్కున్న సంస్థ తరఫున ఎవరో వస్తారు. ‘వడ్డీ అంతా మాఫీ చేస్తాం, ఈ నెల ఐదు వందలు కట్టండి, ఇక్కడ ఒక సంతకం చేయండి’ అంటారు. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. దావాకు వీలులేని బాకీ ఆ సంతకంతో దావాకు వీలైన బాకీ అవుతుంది. ఆ మాఫీ షరతుల్లో ఒక్క వాయిదా తప్పితే రద్దయిపోతుందన్న వాక్యం చిన్న అక్షరాల్లో ఉందో లేదో చూసేదెవరు? ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తరువాత వసూలు ఏజెంట్లు ఫోను చేయరాదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మర్యాద వేళలు నేర్పడం మంచిదే. మధ్యాహ్నం 12 గంటలకు మర్యాదగా వచ్చి, కాలం చెల్లిన సంగతి దాచిపెట్టి సంతకం తీసుకునేవాడిని ఏమనాలి?

న్యాయస్థానాలకు ఈ విషయంలో స్పష్టమైన విధి ఉంది. ప్రతివాది ఆ అభ్యంతరం లేవనెత్తినా లేవనెత్తకపోయినా, గడువు దాటిన దావాను కొట్టివేయవలసిందేనని 3వ సెక్షన్ శాసిస్తోంది. హాజరుకాని ప్రతివాదికి ఇది కవచం. డ్యూటీల మీద ఊళ్లు తిరిగే రైల్వే కార్మికుడికి సమన్లు అందక ఏకపక్ష డిక్రీ అయ్యే కేసులలో, నోటు తేదీని, వెనుక ఉన్న చెల్లును స్వయంగా పరిశీలించే బాధ్యత న్యాయమూర్తిదే. పనిభారం ఎంత ఉన్నా ఈ రెండు తేదీలు చూడటానికి రెండు నిమిషాలు చాలు. లోక్ అదాలత్‌ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దావాకు ముందే పంపే నోటీసు చూసి, అది సాక్షాత్తు న్యాయస్థానం ఆజ్ఞ అనుకుని సామాన్యుడు పరుగెత్తుకు వస్తాడు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ డిక్రీతో సమానమైన విలువ ఉంది, దానిపై అప్పీలు లేదు. దావాగా వస్తే మొదటి వాయిదాలోనే కూలిపోవలసిన బాకీ, రాజీ రూపంలో 12 ఏళ్లపాటు అమలుకు అర్హమైన డిక్రీగా అవతారమెత్తే అవకాశం ఉందన్నమాట. పరిష్కరించిన కేసుల సంఖ్య పెరిగిందని సంబరపడే అధికారులు, అందులో కాలదోషం పట్టినవి ఎన్నో కూడా లెక్క తీస్తే బాగుంటుంది.

ఇతర దేశాలు ఈ ముడిని తమదైన రీతిలో విప్పుకున్నాయి. స్కాట్లండ్‌లో 1973 నాటి చట్టం ప్రకారం ఐదేళ్లు ఏ కదలికా లేని సాధారణ బాకీ దావా హక్కుతో సహా పూర్తిగా నశిస్తుంది. పక్కనే ఉన్న ఇంగ్లండ్‌లో ఆరేళ్ల తరువాత పోయేది దావా హక్కే. లక్షలాది తెలుగువారు నివసిస్తున్న అమెరికాలో 2021 నవంబరు 30న అమలులోకి వచ్చిన కేంద్ర నిబంధన, గడువు తీరిన బాకీపై వసూలు సంస్థలు దావా వేయడాన్నీ, వేస్తామని బెదిరించడాన్నీ నిషేధించింది. న్యూయార్క్ రాష్ట్రం మరో అడుగు ముందుకు వేసింది. వినియోగదారుల రుణాలపై దావా గడువును 2022 ఏప్రిల్ నుంచి మూడేళ్లకు తగ్గించడమే గాక, ఆ గడువు తీరిన తరువాత కొంత చెల్లించినా, బాకీ ఉన్నట్టు ఒప్పుకున్నా గడువుకు మళ్లీ ప్రాణం రాదని శాసించింది. మన దేశంలో కంపెనీల వంతు వచ్చేసరికి ఆస్తి అప్పుల పట్టీలో చూపిన పద్దు కూడా బాకీని ఒప్పుకున్నట్టు కావచ్చునని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పట్టీలపై సంతకం చేసే డైరెక్టర్ల పక్కన ఆడిటర్లు, వకీళ్లు ఉంటారు. కుదుదండ్‌లోనో తార్‌బాహర్‌లోనో గుమ్మం ముందు నిలబడి సంతకం పెట్టే గ్యాంగ్‌మన్ పక్కన ఎవరూ ఉండరు.

న్యూయార్క్ పద్ధతిని యథాతథంగా మన నెత్తిన రుద్దుకోవాలని మేము అనడం లేదు. ఇక్కడ రుణదాతలందరూ బడా సంస్థలు కారు. మనస్సాక్షి గల బాకీదారు ఆలస్యంగానైనా ‘నీ సొమ్ము ఎగ్గొట్టను’ అని రాసి ఇస్తే దానిని చెల్లకుండా చేయడం మన సమాజ ధర్మానికీ నప్పదు. పదవీ విరమణ చేసిన తోటి ఉద్యోగికి ఆ రాతే దిక్కు. కనుక 25వ సెక్షన్‌ను పూర్తిగా ఎత్తివేయనక్కరలేదు. ఆ వాగ్దానం తెలిసి చేసినదై ఉండాలి, అంతే. బాకీకి కాలదోషం పట్టిందనీ, దావా వేసే హక్కు పోయిందనీ, ఈ సంతకంతో అది తిరిగి వస్తుందనీ సంతకం చేసేవాడికి అర్థమయ్యే భాషలో ఆ కాగితంపైనే రాసి ఉంటేనే వాగ్దానం చెల్లేటట్టు సవరణ తేవాలి. బ్యాంకులు, ఆర్థిక సంస్థలు, వాటి నుంచి బాకీలు కొనుక్కునే సంస్థలు పంపే ప్రతి తాఖీదులో చివరి చెల్లింపు తేదీ, దావా గడువు తీరే తేదీ ముద్రించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించడానికి పార్లమెంటు సమావేశాల కోసం వేచి ఉండనక్కరలేదు. దీనివల్ల ఎగవేతలు పెరుగుతాయన్న వాదన రాక తప్పదు. గడువు లోపల దావా వేసే స్తోమత ఉన్న సంస్థకు గడువు తేదీ చెప్పడంలో నష్టమేమిటో ఆ వాదన చేసేవారే వివరించాలి.

కరోనా విలయంలో 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గడిచిన కాలాన్ని అన్ని గడువుల లెక్క నుంచీ మినహాయించాలని సుప్రీంకోర్టు తనంత తానుగా ఆదేశించింది. 2019లో రాసిన ఎన్నో నోట్లకు ఆ ఉత్తర్వు వల్ల అదనపు ఆయుష్షు లభించింది. మూడేళ్లు దాటాయి కదా అని ఇంటిదారి పట్టిన చిన్న రుణదాతలకు ఆ సంగతి చెప్పినవారెందరు? ఇప్పుడు ఆ అదనపు గడువు కూడా తీరిపోయింది. మళ్లీ అటువంటి వరం వస్తుందని ఎదురుచూడలేం. చేయగలిగింది చిన్నదే. బిలాస్‌పూర్‌లోని న్యాయసేవాధికార సంస్థ తెలుగు, ఒడియా, బెంగాలీ తెలిసిన పారా లీగల్ వలంటీర్లను ఎంపిక చేసి నెలకొకసారి రైల్వే కాలనీలకు పంపాలి. పదవీ విరమణ చేసే ఉద్యోగికి లెక్కలు అప్పగించే రోజున రైల్వే సంక్షేమ విభాగం ఒక పుట కరపత్రం కూడా అతని చేతిలో పెట్టాలి. నోటు తేదీ నుంచే మూడేళ్లు, చెల్లు బాకీదారు చేతిరాతతోనే, గడువు దాటాక చదవకుండా సంతకం వద్దు - ఈ మూడు ముక్కలు అందులో ఉంటే చాలు. ఇంట్లోని నోటు గడువు తీరడానికి ఆరు నెలలైనా మిగిలి ఉండగా ఆ కరపత్రం అతని భార్య కంట పడాలి.